తల్లి లేని వరుస

పాస్టరు గారు ఫోన్ చేసినప్పుడు నేను మంగళగిరి ఆఫీసులో మధ్యాహ్నం భోజనం చేస్తున్నాను. పనివేళల్లో ఫోన్ చేసే మనిషి కాదాయన. ఊళ్ళో ఎవరైనా పోయారేమో అనుకుని డబ్బా మూత పెట్టేసి వరండాలోకి వచ్చాను.

"అమ్మా, మన సాఫ్ట్‌వేరు పిల్లల్ని దానంతట అదే చేర్చుద్దా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "దానంతట అదెలా చేరుస్తుందండీ? ఎవరో ఒకరు ఎక్కించాలి కదా."

"మరి మన సంఘంలో కొత్త కోడలి కార్డులో ఒక పిల్ల ఉందమ్మా. చనిపోయిన పిల్ల."

ఆయన గొంతు తగ్గించి మిగతాది చెప్పారు. ఆ అమ్మాయిది పొదిలి. కిందటేడు మా ఊరి అబ్బాయితో పెళ్ళయింది. ఇప్పుడు ఆరో నెల. కొత్తగా చేరిన కుటుంబాలకు ఆదివారం ఆరాధన అయ్యాక కుటుంబ కార్డులిచ్చే అలవాటు మా సంఘంలో ఉంది. ఆ ఆదివారం వీళ్ళ కార్డు అత్తగారి చేతికి వెళ్ళింది. ఆమె చదువుకున్న మనిషి, అంగన్‌వాడీలో పనిచేస్తుంది. చర్చి మెట్ల మీదే నిలబడి చదివింది. భర్త పేరు, భార్య పేరు, వాటి కింద పిల్లలు అన్నచోట ఒకే ఒక్క వరుస. ఆడశిశువు, మరణించినది. తేదీ లేదు.

"ఇంటికెళ్ళాక పెద్ద గొడవయిందంటమ్మా. పెళ్ళికి ముందు సంగతేంటో చెప్పమని ఆ పిల్లని నిలదీశారంట. నిన్న వాళ్ళ నాన్న వచ్చి పొదిలి తీసుకెళ్ళిపోయాడు. పొద్దున ఆ అత్తగారు నా దగ్గరకొచ్చింది. కంప్యూటరు అబద్ధం చెప్పుద్దా పాస్టరు గారూ అంటుంది. నేనేం చెప్పను?"

ఆ సాఫ్ట్‌వేర్ రాసింది నేను.

మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ముప్పై ఏళ్ళపాటు మా సంఘం పుస్తకాలు ఆయనే రాశారు. బాప్తిస్మాలకొకటి, పెళ్ళిళ్ళకొకటి, సమాధులకొకటి. మా సంఘంలో ఎక్కువమంది కూలికి వెళ్ళేవాళ్ళు. మిరప కోతలకీ పత్తి తీతకీ ఎక్కడెక్కడికో వెళ్ళి, నెలల తర్వాత వచ్చి, అక్కడ పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ నాన్నకు చెప్పి రాయించుకునేవాళ్ళు. తేదీ అడిగితే "రెండో కోతప్పుడు మాస్టారూ" అనేవాళ్ళు. నాన్న వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసేవారు. ఇంటికి వచ్చినవాళ్ళు నిలబడి చెబుతుంటే ఒప్పుకునేవారు కాదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, అప్పుడు కలం తీసేవారు.

ఆయన పోయిన ఆరు నెలలకు ఆ మూడు పుస్తకాలనూ కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే అది సంఘం కోసం మొదలుపెట్టిన పని కాదు. ఆయన చేతిరాత చదువుతూ కూర్చుంటే ఇంట్లో ఇంకా ఉన్నారనిపించేది. శనివారాలు, సెలవు రోజులు అన్నీ దానికే పోయాయి. తర్వాత దాన్ని ఓపెన్ సోర్స్‌గా పెట్టాను. అంటే కోడ్ అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో ఉంచాను. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పుంటే చెప్పొచ్చు, సరిచేసి పంపించొచ్చు. వినుకొండ వైపు రెండు చిన్న సంఘాలు తీసుకుని వాడడం మొదలుపెట్టాయి. నాన్న చూస్తే సంతోషించేవారని అమ్మ అన్నప్పుడు ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

పాస్టరు గారి ఫోన్ వచ్చిన మర్నాడు సెలవు పెట్టి ఊరెళ్ళాను. చర్చి పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆయన వెనకాల కుర్చీలో కూర్చున్నారు. నేను ఏం చూస్తున్నానో ఆయనకు తెలియకపోయినా లేచి వెళ్ళలేదు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో కుటుంబాలది ఒక పట్టిక. ప్రతి కుటుంబానికీ ఒక నంబరు. పిల్లలది వేరే పట్టిక. ప్రతి పిల్ల పేరు పక్కన ఆ పిల్ల ఏ కుటుంబానిదో ఆ నంబరు ఉంటుంది. సమాధులది మూడో పట్టిక. పిల్లకూ తల్లిదండ్రులకూ మధ్య ఉన్నది ఆ ఒక్క నంబరే. ఆ నంబరు నిజంగా ఉన్న కుటుంబాన్నే చూపించాలి, పిల్ల ఉండగా ఆ కుటుంబాన్ని ఎవరూ తీసేయకూడదు అని డేటాబేస్‌కు ముందే చెప్పి పెట్టుకోవచ్చు. దాన్ని ఫారిన్ కీ అంటారు. నేను వాడిన చిన్న డేటాబేస్‌లో ఆ కాపలా మామూలుగా నిద్రపోతూ ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ లేపాలి. నేను లేపలేదు.

ఆడశిశువు వరుస దొరికింది. దాన్ని ఎక్కించిన తేదీ కంప్యూటర్ దానంతట అదే రాసుకుంటుంది. అది చూశాను. ఆ పొదిలి అమ్మాయి పెళ్ళికి ఏడాది ముందు తేదీ. ఎక్కించింది నేనే.

"ఈ పిల్ల వాళ్ళది కాదండీ," అన్నాను. "ఆ అమ్మాయి మన సంఘంలోకి రాకముందే ఈ పిల్ల ఇందులో ఉంది."

"మరి ఎవరి పిల్లమ్మా?"

తల్లిదండ్రుల పేర్లు ఆ వరుసలో లేవు. కుటుంబం నంబరు మాత్రం ఉంది. ఆ నంబరులో ఇప్పుడున్నది కొత్త జంట. వాళ్ళకు ముందు ఆ నంబరులో ఇంకెవరో ఉండి ఉండాలి. ఉన్నవాళ్ళను ఎవరో తీసేసి ఉండాలి. చివరి నంబరు కుటుంబాన్ని తీసేస్తే, ఆ తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ డేటాబేస్ మళ్ళీ అదే నంబరు ఇస్తుంది. ఆ మధ్యలో మా సంఘంలో కొత్త కుటుంబం ఏదీ చేరలేదు. తల్లి వరుస పోయాక ఆ పిల్ల ఏడాదికి పైగా ఎవరికీ చెందకుండా అలా ఉండిపోయింది. తర్వాత పాస్టరు గారు కొత్త జంటను ఎక్కించినరోజు వెళ్ళి వాళ్ళ ఒళ్ళో కూర్చుంది.

తీసేసింది ఎవరో కూడా నాకు అప్పటికి గుర్తొచ్చేసింది.

నాన్న పుస్తకాలు అయిపోవచ్చినప్పుడు, ఒకే దంపతుల పేర్లు రెండు చోట్ల కనిపించాయి. పెళ్ళిళ్ళ పుస్తకం నుంచి ఒకసారి, సమాధుల పుస్తకం నుంచి ఇంకోసారి ఎక్కించానన్నమాట. రెండోది అందరికంటే చివరి నంబరు. అందరూ వచ్చేది కార్డు ప్రింటులోనే, తెర మీద మాత్రం పిల్లల్లో బతికున్నవాళ్ళే కనిపించేలా పెట్టాను కాబట్టి దాని కింద ఎవరూ కనిపించలేదు. అప్పుడు ఆఫీసు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆ రెండోదాన్ని తీసేశాను. నిజంగానే తీసేయాలా అని కూడా అది అడగలేదు. అలా అడిగించే పని నేను తర్వాత చేద్దామని పక్కన పెట్టాను.

ఇంకోటి కూడా చెప్పాలి. అంతకు ముందే నన్ను ఒకామె హెచ్చరించింది. ఆమె ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. నా కోడ్ చదివి, ఫారిన్ కీలను ఆన్ చేసే మార్పు తనే రాసి పంపింది. "పిల్ల వరుస ఉండగా తల్లి వరుసను తీసేయనిస్తున్నారు. మనుషులు జాగ్రత్తగా ఉంటారని నమ్ముకోకండి," అని ఇంగ్లీషులో రాసింది. నేనేమో ఇవి చిన్న సంఘాలు, వాడేది కంప్యూటర్ అలవాటు లేని మనుషులు, ప్రతిదానికీ వీల్లేదు అని ఎర్రక్షరాలొస్తే భయపడి మానేస్తారు, ఆ జాగ్రత్త నా కోడ్‌లో నేను తీసుకుంటాను అని జవాబు రాసి ఆ మార్పును తీసుకోకుండానే మూసేశాను. చాలా మర్యాదగా రాశాను. ఆమె మళ్ళీ వాదించలేదు.

పాస్టరు గారు ఇనప బీరువా తీసి సమాధుల పుస్తకం ఇచ్చారు. ఎక్కడ వెతకాలో తెలుసు కాబట్టి ఎంతోసేపు పట్టలేదు. నాన్న రాత. తండ్రి పేరు, తల్లి పేరు, వాటి కింద, "ఆడశిశువు. తొమ్మిది రోజులు. కోతలకు వెళ్ళినచోట పుట్టినది. పడమటి గోడ వెంబడి, వేప మొక్కకు నాలుగడుగులు ఇవతల." రోజు లేదు, నెల లేదు, సంవత్సరం మాత్రం ఉంది. నేను చేసిన ఫారం పూర్తి తేదీ అయితేనే తీసుకుంటుంది, అందుకే తేదీ ఖాళీగా వదిలేశాను. తేదీ ఉండుంటే ఆ కార్డు చూసి అత్తగారు నవ్వి ఊరుకునేది. ఆ పిల్ల పుట్టిన ఏటికి పొదిలి అమ్మాయి పుట్టనే లేదు, వాళ్ళమ్మే చిన్నపిల్ల.

"పడమటి గోడ..." అన్నారు పాస్టరు గారు.

కిందటేడు రోడ్డు వెడల్పు చేశారు. మా సమాధుల తోట పడమటి గోడ లోపలికి జరపాల్సి వచ్చింది. గోడ వెంబడి ఉన్న సమాధుల జాబితా మా సాఫ్ట్‌వేర్ నుంచే తీశారు. పాస్టరు గారు దాన్ని ఆదివారం చదివి వినిపించారు. ఆయా కుటుంబాలవాళ్ళు వచ్చి, ఉన్న అవశేషాలు తీసి, ప్రార్థన చేయించి తూర్పువైపు మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తర్వాతే పొక్లెయిన్ వచ్చింది. ఆ జాబితా కుటుంబం దొరికిన సమాధులనే చూపిస్తుంది. అప్పటికింకా కొత్త జంటను ఎక్కించలేదు కాబట్టి, కుటుంబం దొరకని ఆ పిల్ల ఆ కాగితంలోకి రాలేదు.

పాస్టరు గారు పుస్తకంలో తల్లి పేరు మీద వేలు పెట్టారు. "ఈమె ప్రతి వారం రెండో వరసలో కూర్చుంటుందమ్మా. నేను జాబితా చదివిన రోజూ ఉంది," అన్నారు.

నేను ఆమెను పెద్దమ్మా అని పిలుస్తాను. రక్తసంబంధం లేదు, వరసంతే. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక కొడుకు తాపీ పని చేస్తాడు. ఆమె రోజూ ఆటోలో, గుంటూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ పక్కనున్న రేకుల షెడ్డుకు మిరపకాయలకు ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే పనికి వెళ్తుంది. నేను అక్కడికే వెళ్ళాను. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు కట్టుకుని ఎర్రటి కుప్పల చుట్టూ కూర్చున్నారు. ఆ ఘాటుకు నాకు దగ్గొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నన్ను చూసి ఆమే లేచి బయటకు వచ్చింది.

"ఏంది అమ్మాయ్, ఇక్కడికొచ్చావు? మీ అమ్మ బాగుందా?"

"బాగుంది పెద్దమ్మా. నీతో మాట్లాడదామని వచ్చాను."

షెడ్డు వెనక గోనెసంచుల మీద కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చిన మాటలేవీ నోటికి రాలేదు. "నీకు మొదటి కాన్పులో ఒక పాప..." అన్నాను.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటున్నదల్లా ఆగింది.

"నీకెవరు చెప్పారు?"

"నాన్న పుస్తకంలో ఉంది."

"రాశాడా?" అంది. "రాస్తాన్లేమ్మా అన్నాడు. నాకు చదువు లేదుగా, చూసుకోలా. రాశాడన్నమాట."

"రాశారు. ఎక్కడ పెట్టారో కూడా రాశారు." ఇంక ఆగితే చెప్పలేనని తెలిసి చెప్పేశాను. "గోడ జరిపేటప్పుడు నీకు కబురు రాలేదు కదా పెద్దమ్మా?"

"రాలా."

"ఎవర్నీ అడగలేదేం?"

"ఏమని అడిగేది? పాస్టరయ్య అందరివీ చదివాడు. కంప్యూటర్లో నుంచి తీసిన కాగితం, అన్నీ ఉంటయ్యి అన్నాడు. చివరిదాకా విన్నా. రాలా. తొమ్మిది రోజుల పిల్ల, పేరు కూడా పెట్టలా. అంత చిన్నవాళ్ళని లెక్కలోకి తీసుకోరేమో అనుకున్నా."

"చోటు నీకు గుర్తుందిగా. పాస్టరు గారికి ఒక్క మాట చెప్పుంటే..."

"గుర్తుండకేం." ఆమె నన్ను కాకుండా రోడ్డు వైపు చూస్తోంది. "ఆ మిషను వచ్చిన రోజు వెళ్ళాను. రోడ్డుకి ఇవతల నిలబడ్డా. అందరివీ తీసేసుకున్నారంటగా, ఇంకేం లేవనుకుని గబగబా తోడుతున్నాడు ఆ అబ్బాయి. వాడికేం తెలుసు? కేకేద్దామా అనుకున్నా. కేకేసి ఏం చెప్పను? ఆటో వచ్చింది. ఎక్కేశా."

అప్పుడు నా తప్పు చెప్పాను. ఆమె పేరు రెండుసార్లు ఉందని, అందులో ఒకటి నేను తీసేశానని, పాప ఉన్నది ఆ తీసేసిన దాని కిందనని, తీసేముందు కింద ఎవరైనా ఉన్నారేమో చూడలేదని. ఆమె అంతా విని, "అయితే చర్చోళ్ళు వద్దనుకోలేదా?" అంది.

"లేదు పెద్దమ్మా. ఎవరూ వద్దనుకోలేదు. నా పొరపాటు."

"నేనింకా..." అంది. లేచి చీర దులుపుకుంది. "మేస్త్రి చూస్తున్నాడు. ఎళ్ళమ్మా, ఎండెక్కుతుంది." నన్ను ఒక మాట కూడా అనలేదు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి, "మీ నాయన వేప మొక్క సంగతి కూడా రాశాడా?" అని అడిగింది.

రాశారన్నాను. తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం పాస్టరు గారూ నేనూ పొదిలి వెళ్ళాం. అంతకు ముందే ఆయన అత్తగారింటికి వెళ్ళి, నాన్న పుస్తకం చూపించి, జరిగిందంతా చెప్పారు. అత్తగారు ఏడ్చిందట. అబ్బాయి మర్నాడే బయల్దేరి పొదిలి వెళ్ళి భార్యను రమ్మన్నాడు. ఆమె రాలేదు.

రెండు గదుల ఇల్లు. పొగాకు ఆరబెట్టే బారన్‌లో పనికి వెళ్ళే ఆ అమ్మాయి నాన్న, పాస్టరు గారూ వాకిట్లో కూర్చున్నారు. నేను లోపలికి వెళ్ళాను. ఆ అమ్మాయికి ఇరవై రెండు మూడేళ్ళుంటాయి. బియ్యంలో రాళ్ళేరుతోంది. నేనెవరో చెప్పి, తప్పు నాదని చెప్పాను. క్షమించమని అడిగాను.

"మీరు సరిచేశారంటగా అక్కా," అంది. "కంప్యూటర్లో సరైపోయింది."

"సరైంది. నీ కార్డులో ఇప్పుడు మీరిద్దరే ఉన్నారు. మీ అత్తగారు కూడా చాలా బాధపడుతున్నారు."

"ఆమె అరిచింది. అరిచే మనిషే, ఎప్పుడూ అరుస్తానే ఉంటది. దాని మీద నాకేం లేదు." చేటను పక్కన పెట్టింది. "ఆయనున్నాడే, ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అందరూ ఆయన నోరులేనోడు, మంచోడు అంటారు. నేను చూస్తానే ఉన్నా అక్కా. ఆదివారం, సోమవారం, మంగళవారం. నన్ను అడుగుతాడేమో, ఇది నిజమేనా అని. అడిగితే లేదని చెప్పేదాన్ని. అడగలా. మంచం బయటేసుకుని పడుకున్నాడు."

పక్కన పెట్టిన చేటను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"మీరు చూపించాక నమ్మాడు. కాగితం చూసి నమ్మాడు. ముందూ కాగితమే చూసి నమ్మాడు. మధ్యలో నేనున్నాను కదక్కా."

వచ్చేముందు ఆమె నాకు టీ ఇచ్చింది.

ఆ వారం పాత హెచ్చరిక ఉన్న పేజీ మళ్ళీ తెరిచాను. నేను మూసేసిన మార్పును మళ్ళీ తెరిచి, ఆ హెచ్చరించినామె రాసిన కోడ్‌ను అలాగే తీసుకుని కలిపాను. చనిపోయినవాళ్ళు తెర మీద కనిపించకుండా పెట్టినదీ మార్చాను. తెలిసినంత తేదీ రాసుకునే వీలు పెట్టాను. ఒక కుటుంబాన్ని తీసేయబోతే, ఇందులో మనుషులున్నారు, తీయడానికి వీల్లేదు అని ఇప్పుడది తెలుగులోనే చెబుతుంది. పిల్లల్ని కూడా కలిపి తుడిచేసేలా పెట్టుకునే పద్ధతి ఇంకోటి ఉంది. అది నేను తీసుకోలేదు.

ఏం జరిగిందో పేర్లు లేకుండా అదే పేజీలో రాశాను. అందరికీ కనిపించే చోటే నేను కాదన్నాను కాబట్టి, ఒప్పుకోవడమూ అక్కడే చేయాలనిపించింది. రెండు రోజులకు ఆమె నుంచి జవాబు వచ్చింది. నేను చెప్పాను కదా అనలేదు. "మీ దగ్గర అలాంటి వరుసలు ఎన్ని దొరికాయి?" అని అడిగింది. ఇంగ్లీషులో "ఒకటి మాత్రమే" అని రాసి, ఆ "మాత్రమే" తీసేసి, "ఒకటి" అని పంపించాను.

వినుకొండ వైపు సంఘాలవాళ్ళ చేత కూడా వెతికించాను. ఒకచోట ఏమీ లేవు. రెండోచోట ఐదు. అక్కడ పుస్తకాలు రాసే టీచరమ్మ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి మూడింటికి మనుషుల్ని పట్టుకుంది. మిగతా రెండింటికీ దొరకలేదు. పాత పుస్తకంలో ఆ పేజీలకు నీళ్ళు పడి అక్షరాలు పోయాయట. "తీసేయమంటారా అండీ?" అని ఫోన్లో అడిగింది. తీయొద్దన్నాను. కుటుంబం తెలియనివాళ్ళు అని ఒక పట్టిక విడిగా చేసి ఇచ్చాను. ఆ ఇద్దరూ అందులో ఉన్నారు.

పెద్దమ్మను ఒక శనివారం చర్చి గదికి రమ్మన్నాను. ఆదివారాలు కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చింది. కుర్చీలో అంచు మీద కూర్చుంది. ఆమె కుటుంబం తెరిచి, భర్త పేరూ ఆమె పేరూ చదివి వినిపించాను. కొడుకు పేరు చదివాను.

"పాపకి ఏం పేరు రాయమంటావు పెద్దమ్మా? ఆడశిశువు అనే ఉంచమంటావా?"

ఆమె తలుపు వైపు చూసింది. పాస్టరు గారు బయట ఎవరితోనో మాట్లాడుతున్నారు. "బాప్తిస్మం లేకుండా పేరు రాయొచ్చా?"

"రాయొచ్చు."

"నేనొకటి అనుకున్నాలే. ఎవరికీ చెప్పలా. మా ఆయనకి కూడా." ఇంకాస్త దగ్గరకు జరిగి ఆ పేరు చెప్పింది. నేను టైప్ చేశాను. ఆ పేరు ఇక్కడ రాయను.

తర్వాత సమాధి అన్నచోట నాన్న పుస్తకంలో ఉన్న నంబరు కొట్టాను. సేవ్ చేస్తే ఎర్రక్షరాలు వచ్చాయి. అలాంటి సమాధి లేదు. గోడ కట్టాక ఆ వరసంతా చర్చి కమిటీవాళ్ళు పట్టికలోంచి తీసేశారు. లేనిదాన్ని ఉన్నట్టు రాయడానికి ఫారిన్ కీ ఒప్పుకోదు. దాన్ని అలా పెట్టింది నేనే.

"ఏమంటుంది?" అంది పెద్దమ్మ.

"చోటు దగ్గర ఒప్పుకోవట్లేదు."

"చోటు లేదుగా మరి. దాని తప్పేముంది?" అంది. కోపంగా కాదు, నాకు సర్దిచెబుతున్నట్టు.

సమాధి ఖాళీగా వదిలాను. దాని కింద గమనిక రాసుకునే చోట నాన్న వాక్యం ఉన్నదున్నట్టు ఎక్కించాను. ఈసారి సేవ్ అయింది.

"ఇంక పోదా?" అని అడిగింది.

"పోదు పెద్దమ్మా. పాప ఉన్నంతవరకు నిన్ను కూడా ఎవరూ తీసేయలేరు. అది ఒప్పుకోదు."

కార్డు ప్రింటు తీసిచ్చాను. పేరు ఎక్కడుందో చూపించమంది. వేలితో చూపించాను. కాగితాన్ని అంచుల దగ్గర పట్టుకుని ఆ చోటు వంక చూస్తూ కూర్చుంది. ఎంతసేపని చెప్పలేను. పాస్టరు గారు లోపలికి రాబోయి, చూసి, మళ్ళీ బయటే ఆగిపోయారు. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. వెళ్ళేముందు ఆ కార్డు నాకే తిరిగి ఇచ్చింది. "ఇంట్లో పెడితే వాడు చూసి ఎవరని అడుగుతాడమ్మా. ఈ వయసులో ఏం చెబుతాను? నీ దగ్గర ఉండనీ." ఆ అక్క సంగతి కొడుక్కి తెలియదు.

పొదిలి అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. అక్కడే ప్రసవం, అక్కడి సంఘంలోనే బాప్తిస్మం. భర్త నెలకు రెండుసార్లు వెళ్ళి చూసి వస్తున్నాడని విన్నాను. మొన్న ఊరెళ్ళినప్పుడు ఆ అమ్మాయి అత్తగారు నా కోసం చర్చి గదికి వచ్చింది. మనవడి పేరు చెప్పి, కార్డులో ఎక్కించమంది.

"తల్లిదండ్రులు వచ్చి రాయించాలండీ. మన నియమం అది," అన్నాను.

"నాకు తెలుసు." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఆ పిల్లకి ఫోన్ చేశాను, చాలాసార్లు. ఎత్తుద్ది. బాగున్నారా అత్తయ్యా అని అడుగుద్ది. ఎప్పుడొస్తావంటే మాత్రం పలకదు."

నేను తెర మీద వాళ్ళ కుటుంబం తెరిచి చూపించాను. ఇద్దరి పేర్లు ఉన్నాయి. పిల్లలు అన్నచోట ఏమీ లేదు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగి చదివింది.